రెండు నోళ్ళు, ఒక బ్రష్

నురగ తెల్లగా లేదు, లేత గులాబి రంగులో ఉంది. నాకు మొదట కనబడింది అదే.

సాయంత్రం ఐదు కావస్తోంది. తీగ మీద ఆరేసిన బట్టలు తీద్దామని పెరట్లోకి వచ్చాను. కొళాయి దగ్గర చప్టా మీద నా కొడుకు కాళ్ళు బారచాపుకుని కూర్చుని, కుక్కపిల్లను మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకున్నాడు. వాడికి ఐదేళ్ళు. వాడికెదురుగా నా కూతురు, ఏడేళ్ళది, మునికాళ్ళ మీద కూర్చుని ఎడమచేత్తో దాని పైపెదవి ఎత్తి, కుడిచేత్తో దాని పళ్ళు తోముతోంది. అచ్చం నేను వాళ్ళకు తోమినట్టే, గడ్డం పట్టుకుని, ఇటూ అటూ తిప్పుతూ, మధ్యమధ్యలో "కదలబాకే" అని కసురుకుంటూ. నాకు నవ్వొచ్చింది. ఫోన్ తెచ్చి ఫోటో తీద్దామనుకుని వెనక్కి తిరగబోతుంటే చప్టా మీద పడ్డ నురగ కనబడింది.

రక్తం చూసి భయం వేయలేదు. దానికి నాలుగు నెలలు దాటాయి, పాలపళ్ళు ఊడే వయసు, చిగుళ్ళలోంచి కాస్త రక్తం రావచ్చని నాకు తెలుసు. భయం వేసింది బ్రష్‌ని చూసి. ఆకుపచ్చ పిడి, పిడి చివర పసుప్పచ్చ బాతు. ఆ రోజు పొద్దున నేనే దాని మీద పేస్టు వేసి నా కూతురి చేతికిచ్చాను.

"అది ఎవరి బ్రష్?" అన్నాను, తెలిసి కూడా.

పిల్ల తలెత్తి చూసింది. చూసి నోరు మూసుకుంది. జవాబు చెప్పకుండా ఊరుకోవడం వేరు. అది పెదవులు రెండూ లోపలికి లాక్కుని, పైన చెయ్యి కూడా అడ్డం పెట్టుకుంది.

కుక్కపిల్ల మా ఇంటికి వచ్చి అప్పటికి రెండు నెలలు. మా ఆయన ఇంకో ఇద్దరితో కలిసి వాగు పక్కన రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాడు. గుంటల దగ్గర కుక్కలు ఉండాల్సిందే, కొంగల్ని తరమడానికీ, చీకట్లో వల పట్టుకుని వచ్చేవాళ్ళను చూసి మొరగడానికీ. అక్కడున్న ఆడకుక్క మేత బస్తాల షెడ్డు కింద నాలుగు పిల్లల్ని పెట్టింది. అందులో ఒకదాన్ని మా ఆయన ఖాళీ మేత సంచిలో వేసుకుని, తల ఒక్కటీ బయటికి పెట్టి, బండి ముందర పెట్టుకుని తెచ్చాడు. పిల్లలు అడిగారని కాదు. ఆయనకే ముద్దొచ్చింది, పిల్లల పేరు చెప్పాడు.

ముద్దుగానే ఉండేది. దాని నోరే భరించలేకపోయేవాళ్ళం. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన రొయ్యలు తిని పెరిగింది కదా, ఆవలించిందంటే వాకిలి వాకిలంతా కంపు. మా అత్తకు అసలు కుక్క గడప దాటడమే ఇష్టం లేదు. పిల్లలేమో దాన్ని తమ మంచం కింద పడుకోబెట్టుకోవాలని రోజూ పేచీ. ఇద్దరి మధ్యా పడలేక నేనొక తీర్పు చెప్పాను. దాని నోటి కంపు పోయినరోజు లోపలికి రానిస్తాను, పోయేదాకా వసారాలోనే.

అది కుదిరే పని కాదనుకునే అన్నాను. పిల్లలు నమ్మారు.

ఎవరి ఫోన్లోనో పట్నంలో కుక్కలకు పళ్ళు తోమే వీడియో చూసి వచ్చారు. మనమూ తోముదాం అన్నారు. నేను డిగ్రీ చదివినదాన్ని, ఏదైనా చదవకుండా చెయ్యను. ఫోన్లో వెతికి, మనుషుల పేస్టు కుక్కలకు పడదని తెలుసుకుని, నీళ్ళతోనే తోమాలని చెప్పి, నా పాత బ్రష్ ఒకటి ఇచ్చాను. పేస్టు మింగితే దాని కడుపు ఏమవుతుందోనని రెండుసార్లు హెచ్చరించాను. నేను జాగ్రత్త పడిందల్లా దాని కడుపు గురించే. దాని పళ్ళ మధ్య నా పిల్లల వేళ్ళున్నాయని ఆలోచించలేదు. దానికి ఇంకా రేబిస్ సూదులు వేయించలేదన్నది గుర్తే. ఈ పట్టుబడి అయిపోయాక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్దాం అన్నాడు మా ఆయన. గుంటల్లో రొయ్యలు పట్టే రోజులు దగ్గరపడితే మా ఇంట్లో ప్రతి పనీ ఆ తర్వాతకే వాయిదా. నేనూ సరే అన్నాను.

రోజూ సాయంత్రం తోమడం అయ్యాక పిల్లలు దాన్ని నా దగ్గరికి ఎత్తుకొచ్చేవాళ్ళు. నేను వంగి, దాని నోరు వాసన చూసి, "ఇంకా ఉంది" అనేదాన్ని. వాళ్ళు మర్నాడు ఇంకా గట్టిగా తోమేవాళ్ళు. ఆ కంపులో సగం పళ్ళు మారేటప్పుడు వచ్చేదేననీ, దానంతట అదే పోతుందనీ చాలా రోజుల తర్వాత పశువుల డాక్టరు చెప్పాడు. అంటే ఆ తోముడంతా వృథా. నా తీర్పు కూడా.

నా పాత బ్రష్‌ను కుక్కపిల్ల నాలుగు రోజుల కిందట నమిలి పడేసింది. కొత్తది అడిగితే నేనిస్తానో లేదోనని నా కూతురు తన బ్రష్‌తోనే తోమడం మొదలుపెట్టింది. తోమాక కొళాయి కింద బాగా కడిగి, మళ్ళీ గ్లాసులో పెట్టేది. ఇవన్నీ ఆ తర్వాత తెలిశాయి. చప్టా దగ్గర నిలబడ్డ ఆ నిమిషంలో నాకు తెలిసింది ఒకటే. నా కూతురికి కింది పన్ను ఒకటి వారం నుంచీ కదులుతోంది. చిగురు పచ్చిగా ఉంటుంది. ఆ చిగురు మీద ఆ బ్రష్.

అరిచాను. ఏం అరిచానో అన్నీ గుర్తులేవు. "ఎన్ని రోజులనించీ?" అని అరిచింది గుర్తుంది. "ఈ రోజే మీ నాన్నతో చెప్పి దీన్ని గుంటల దగ్గర వదిలేయిస్తా" అన్నది కూడా గుర్తుంది, ఎందుకంటే ఆ మాట తర్వాత పిల్ల మొహం తలుపు మూసినట్టు మూసుకుపోయింది.

"ఈ రోజే మా. ఇంతకుముందు లేదు. నేను దాంతో తోముకోలేదు" అంది, చెయ్యి తీయకుండానే.

పొద్దున తోముకుంది. నేనే చూశాను. అయినా ఆ అబద్ధాన్ని నమ్మాలని ఒక్క క్షణం నాకెంత ఆశ కలిగిందో చెప్పలేను.

మా ఆయనకు ఫోన్ చేశాను. గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడులో ఆయన గొంతు సరిగ్గా వినపడదు. ముందు విషయం చెప్పకుండా, దాని తల్లి ఎట్లా ఉందని అడిగాను. ఎవరి తల్లి అన్నాడు. కుక్కపిల్ల తల్లి అన్నాను. ఆయన నవ్వాడు.

"అది నెల్లాళ్ళనించీ కనపళ్ళా. ఎటో పొయ్యుంటది. కాపలా పెద్దాయన రెండు రోజులు ఎతికి ఒదిలేసినాడు. దాని క్షేమసమాచారాలు నీకెందుకు ఇప్పుడు?"

పొయ్యింది అంటే ఎట్లా పొయ్యింది, చొంగ కారుస్తూ పోయిందా, మామూలుగా పోయిందా, ఎవరినైనా కరిచిందా అని అడుగుతూ పోయాను. ఆయన ధోరణి మారింది. మొదలుపెట్టిందిరా ఈమె అనుకున్నప్పుడు వచ్చే ధోరణి అది.

ఇందులో ఆయన తప్పు పూర్తిగా లేదు. నేను భయస్థురాలిని. పిల్లవాడికి దగ్గొస్తే న్యుమోనియా అంటాను. పిల్ల కడుపునొప్పి అంటే అపెండిసైటిస్ అని అర్ధరాత్రి నెల్లూరు తీసుకెళ్ళాను, అది పచ్చి మామిడికాయలు తిన్న నొప్పి. ఇద్దరు ముగ్గురు కూడితే చాలు, "మా ఆమెకి తుమ్మొస్తే నెల్లూరికి బండి కట్టాల" అని ఆయన నవ్విస్తాడు. నేనూ నవ్వుతాను. నవ్వినన్నిసార్లూ మనసులో ఒక లెక్క పడుతుంది, ఈసారి నిజమైనా ఎవరూ నమ్మరేమోనని.

అప్పుడు బ్రష్ సంగతి చెప్పాను. "మీ కూతురు, కుక్కపిల్ల ఒకే బ్రష్‌తో పళ్ళు తోముకుంటన్నారు. ఎన్ని రోజులనించో తెలీదు. దాని పన్ను ఊగుతా ఉంది, దీని పన్ను ఊగుతా ఉంది. రెండు నోళ్ళలోనూ రక్తం."

అవతల ఏరియేటర్ల చప్పుడు దూరమైంది, ఆయన గట్టు దిగి పక్కకు వచ్చినట్టున్నాడు.

మా గుంటల దగ్గరికి ఎవరైనా రావాలంటే ముందు మందు నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచాలి. ఒక గుంటలో వేసిన వల ఇంకో గుంటలో వేయరు. మేత తిన్నాయో లేదో చూసే ట్రే కూడా ఏ గుంటది ఆ గుంటకే. రెండేళ్ళ కిందట మా ఆయన మొహమాటానికి పోయి పక్కవాళ్ళకు విసురువల ఇచ్చి, తడి ఆరకముందే దాన్ని తెచ్చి తన గుంటలో వేశాడు. ఎనిమిది రోజుల్లో తెల్లమచ్చ రోగం తగిలి గుంట గుంటంతా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అప్పటినుంచీ ఎవరైనా తడి వల పట్టుకుని గట్టెక్కితే చాలు, ఆయన పెద్దా చిన్నా చూడడు. నాకు రేబిస్ గురించి తెలిసిందంతా చెప్పినా ఆయనకు ఎక్కేది కాదు. ఒకే బ్రష్ రెండు నోళ్ళలో అన్న మాట ఎక్కింది.

"వస్తన్నా. పిల్లని తయారుగా పెట్టు" అన్నాడు.

ఈ గొడవకు మా అత్త లోపల్నుంచి వచ్చింది. విషయం విని, "పాలపళ్ళ కుక్కకి పిచ్చేందిమే? పాలపళ్ళకి విషం ఉండదు" అంది. మా వైపు చాలామంది అదే అంటారు. పళ్ళు మారిన కుక్క కరిస్తేనే ప్రమాదమని, పాలపళ్ళ పిల్ల గీరితే సున్నం రాస్తే సరిపోతుందని. చిన్నప్పుడు నాకూ రాశారు. కాలేజీలో చదివింది వేరని నాకు తెలుసు, కానీ ఇంట్లో అందరూ ఒకే మాట అంటూ ఉంటే తెలిసింది కూడా ఒక మూలకు పోయి కూర్చుంటుంది.

నేను పిల్ల భుజాలు పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. నోరు తెరిచి చూపించు. తోముకున్నావా లేదా. నిజం చెప్పు. అది గోడకు ఆనుకుని, నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తీయడం లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, శబ్దం లేదు. మా అత్త నా చెయ్యి తీసేసింది.

"నీ మొహం ఒకసారి అద్దంలో చూసుకో పో. ఆ మొహానికి నిజం చెప్పేవాళ్ళు ఎవురన్నా ఉంటారా?"

నేను వెనక్కి జరిగాను. ఆవిడ పిల్లను నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. నేను కొడుకు చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడిగాను, మళ్ళీ కడిగాను. కుక్కపిల్ల ఈ సందట్లో చప్టా మీది నీళ్ళు నాకుతోంది. నీళ్ళు తాగుతోంది కదా, అంటే ఏమీ లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మళ్ళీ, మొదట్లో అన్నీ తాగుతాయి అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

కాసేపటికి మా అత్త వచ్చి నా అరచేతిలో ఒక అగ్గిపెట్టె పెట్టింది. తెరిచాను. లోపల కాస్త దూది. దూది మీద రెండు పళ్ళున్నాయి. ఒకటి చిన్నగా, పలకగా, బియ్యపు గింజంత. రెండోది సన్నగా, వంకరగా, చేపముల్లు కొనలాగా.

చిన్నపిల్లల పాలపన్ను ఊడితే మా ఇంట్లో వాళ్ళ అవ్వ, అంటే మా అత్త, దాన్ని వంటింటి పంచ రేకుల మీదికి విసురుతుంది, కొత్త పన్ను త్వరగా రావాలని. నా కూతురి పన్ను ముందురోజు సాయంత్రం ఊడిందట. కుక్కపిల్ల పన్ను అంతకు ముందురోజు బ్రష్‌కి తగులుకుని వచ్చిందట. రెండూ కలిపి ఒకేసారి విసరాలని దాచింది. కుక్కపిల్లకి అవ్వ లేదు కదా, దాని పన్ను మనమే వెయ్యాల అన్నదట మా అత్తతో. అమ్మకు ఎందుకు చెప్పలేదని అడిగితే, చెప్తే అమ్మకి భయమేస్తది అన్నదట. భయమేసేది నాకని అంది. నన్ను చూసి తనకు భయం అనలేదు.

ఒక రాత్రి, ఒక పగలు నా కూతురి నోట్లో పన్ను లేదు, నేను చూడలేదు. తుమ్మొస్తే పరిగెత్తేదాన్ని, అది నవ్వకుండా తిరిగిందని గమనించలేదు. ఆ ఖాళీలో చిగురు పచ్చిపుండు. దాని మీద ఆ పొద్దున నేను చేతికిచ్చిన బ్రష్.

మా అత్త పాలపళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. పిల్లను కొళాయి దగ్గర కూర్చోబెట్టుకుని, దోసిలితో నీళ్ళు పట్టి, పుక్కిలించి ఉమ్మించడం మొదలుపెట్టింది. ఎంతసేపు చేయించాలని నన్ను అడిగింది. పావుగంట అన్నాను. ఆవిడ పావుగంటా అట్లాగే వంగి నిలబడింది, నడుంనొప్పి మనిషి.

మా ఆయన వచ్చి బండి ఇంజను కూడా ఆపకుండా ఎక్కమన్నాడు. పిల్ల మధ్యలో, నేను వెనక. గుంటల మధ్య రోడ్డు మీద పోతుంటే రెండు వైపులా ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. పిల్ల ఒక్కసారి వెనక్కి తిరిగి, సూది ఎక్కడ వేస్తారని అడిగింది. చేతికి అన్నాను. బొడ్డు చుట్టూ కాదు గదా అంది. కాదన్నాను. ఆ మాట బడిలో ఎవరు చెప్పారో, ఎన్ని రోజులనుంచి మోస్తోందో.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు వెళ్ళిపోయాడు, డ్యూటీ నర్సు ఉంది. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది, అగ్గిపెట్టె తెరిచి చూసింది, పిల్ల నోట్లో లైటు వేసి చూసింది. నవ్వలేదు. నేను నవ్వుతుందనే అనుకున్నాను. ముందు సూది ఇప్పుడే వేస్తాను, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ రావాలి అంది. నోట్లో పచ్చిపుండు కాబట్టి రేపు పొద్దున నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఇంకో మందు కూడా ఇవ్వాలేమో అడగమంది. పిల్లవాడిని కూడా తెచ్చి చూపించమంది. కుక్కపిల్లను చంపొద్దు, వదిలేయొద్దు, పది రోజులు కట్టేసి కనిపెట్టుకుని ఉండండి అని మా ఆయనతో రెండుసార్లు చెప్పింది.

అన్నీ కాగితం మీద రాసుకుంటూ, తలెత్తకుండానే అడిగింది. "ఇంట్లో ఇంకెవరికన్నా దాని పళ్ళు తగిలినయ్యా? గీరుకోవడం గానీ, నాకడం గానీ?"

ఇక్కడ నేను ఇంతవరకూ రాయని సంగతి ఒకటుంది. ఐదు రోజుల కిందట, వాసన చూడటానికి దాని నోరు తెరిచినప్పుడు, పక్క పన్ను నా చూపుడువేలి మీద గీరుకుంది. సన్నటి గీత, పైకి రెండు రక్తపు చుక్కలు. నా కూతురు పక్కనే ఉంది. కడుక్కుని, పైన ప్లాస్టర్ వేసుకున్నాను. మా ఆయన అడిగితే రొయ్యలు ఒలుస్తుంటే ముల్లు గుచ్చుకుందని చెప్పాను. మా ఇంట్లో ఆ మాటకు ఇంకో ప్రశ్న ఉండదు. ఆసుపత్రికి పోదామని నేనంటే ఆయన నవ్వుతాడు. ఒకసారైనా నా భయాన్ని నేనే మింగి చూపిద్దామనుకున్నాను. పిల్లల విషయంలో అయితే అట్లా అనుకునేదాన్ని కాదు. నా వేలే కదా అనుకున్నాను. ఆ రోజు పిల్లతో, "ఎవరికీ చెప్పొద్దే, నాన్న నవ్వుతాడు" అన్నాను కూడా.

నర్సు అడిగిన ప్రశ్నకు "లేదక్కా" అన్నాను. చాలా మామూలుగా వచ్చేసింది నోట్లోంచి.

స్టూలు మీద చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చున్న నా కూతురు నా వైపు చూసింది. వేలి వైపు చూసింది. చాలా చిన్న గొంతుతో అడిగింది.

"చెప్పొచ్చా మా?"

ముగ్గురూ నన్నే చూశారు. నేను వేలు ముందుకు పెట్టాను. ప్లాస్టర్ అప్పటికే ఊడిపోయింది. గీత ఎండి గోధుమరంగు దారంలా ఉంది. నర్సు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎన్ని రోజులైందని అడిగింది. చెప్పాను.

"ఏమీ తెలీనోళ్ళు గీరిన రోజే పరిగెత్తుకొస్తారు. మీలాంటి చదువుకున్నోళ్ళే ఆలోచించుకుని వస్తారు" అంది. కోపంగా కాదు, రోజూ చూసే విషయం చెప్పినట్టు. నా పేరు కూడా కాగితం మీద రాసింది.

మా ఆయన గోడ మీద అంటించిన టీకాల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది. ముందు పిల్లకు, తర్వాత నాకు వేశారు. పిల్ల ఏడవలేదు. నాకు వేసేటప్పుడు నా కొంగు పట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి మా అత్త కుక్కపిల్లను వసారా స్తంభానికి కట్టేసి, ఎవరూ అటు పోకుండా అడ్డంగా రెండు కుర్చీలు పెట్టింది. మా ఆయన దాన్ని చూసి, గుంటల దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. కనిపెట్టుకుని ఉండటమే కదా, కాపలా పెద్దాయన అక్కడే ఉంటాడు, పిల్లలకు దూరంగా ఉంటుంది అన్నాడు. అది తెలివైన మాటే. రెండు గంటల ముందు నేను అరిచింది కూడా అదే. పిల్ల ఆ మాట విని మంచం మీదికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. నోటిమీద చెయ్యి లేదు ఈసారి. దాయాల్సింది ఇక ఏమీ లేదు దాని దగ్గర.

ఆ రాత్రి నేను ఆలోచించింది కుక్కపిల్ల గురించి కాదు. పిల్ల ఏదైనా దాచిందంటే అది అబద్ధాలకోరు కాబట్టి కాదు. ఏ మాటకు నేనేమవుతానో దానికి కంఠతా వచ్చు. పన్ను ఊడిన మాట కూడా నా దాకా తేవాలంటే అది ముందు నా మొహం ఎట్లా మారుతుందో చూసుకోవాలి. పిల్లలకు ఏ ప్రమాదమూ రాకూడదని నేను అన్ని వైపులా కాపలా కాస్తున్నాననుకున్నాను. ప్రమాదం వస్తే నాకు చెప్పే దారి ఒకటుంటుంది కదా, దాన్ని నేనే మూసేశాను. పైగా దాచడం ఎట్లాగో వేలి మీద ప్లాస్టర్ వేసి మరీ నేర్పాను. ఇప్పుడు కుక్కపిల్లను పంపించేస్తే, నిజం చెప్పినందుకు ఏం జరుగుతుందో కూడా నేర్పినట్టే. ఇంకోసారి అగ్గిపెట్టె నా చేతికి రాదు. మా ఆయన్ని లేపి, అది ఇక్కడే ఉంటుంది, పది రోజులూ నేనే చూసుకుంటాను అన్నాను. భయం లేదా అన్నాడు. ఉంది అన్నాను. సరే అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇది రాస్తున్న ఈ రాత్రికి నాలుగో సూది కూడా అయిపోయింది. కుక్కపిల్ల బాగానే ఉంది, దానికీ సూదులు పడ్డాయి. దాని తల్లి ఏమైందో మాత్రం ఎవరికీ తెలియలేదు. నేను రాసి పెట్టుకోవాలనుకున్నది ఆసుపత్రికి పోయొచ్చిన మర్నాటి పొద్దుటి మాటలు. మళ్ళీ మర్చిపోతానేమోనని.

నెల్లూరు బస్సుకు ఇంకా టైముంది. పిల్లలిద్దరినీ కొళాయి దగ్గరికి పిలిచి కొత్త బ్రష్‌లు ఇచ్చాను. తోముకుని నోళ్ళు కడుక్కున్నాక చప్టా మీద వాళ్ళ పక్కన కూర్చున్నాను. పిల్లవాడు రాత్రే అన్నీ అక్క దగ్గర విన్నాడు, అయినా మొదటినుంచీ చెప్పాను. నిన్న నర్సమ్మ అడిగితే నేను లేదన్నాను, అది అబద్ధం. అక్క నన్ను అడిగి నిజం చెప్పించింది. అంతకుముందు ఎవరికీ చెప్పొద్దని అక్కతో అన్నది కూడా నేనే, అది అంతకంటే పెద్ద తప్పు. కుక్కపిల్ల ఎక్కడికీ పోదు. పది రోజులు వసారాలో కట్టేసి ఉంటుంది, అన్నం నేనే పెడతాను, మీరు కుర్చీల ఇవతలనుంచి మాట్లాడుకోవచ్చు, ముట్టుకోకూడదు. దాని నోరు కంపు కొట్టినా సరే, పది రోజులయ్యాక లోపలికి వస్తుంది.

ఇద్దరూ వింటున్నారు. పిల్ల నాలుకతో పన్ను ఖాళీని తడుముకుంటోంది.

"ఇంకో మాట. మీరు నాకేదన్నా చెప్తే నేను అరుస్తానేమో. అరవను అని మాట ఇవ్వలేను, నాకు అంత చేతకాదు. అరిచినా చెప్పండి. నేను అరవడం అయ్యేదాకా ఆగి, మిగిలింది కూడా చెప్పండి."

పిల్లవాడు తడి బ్రష్‌ను చొక్కాకు తుడుచుకుంటూ, "ఎంతసేపు ఆగాల?" అన్నాడు.

వాడి అక్క కూడా నా వైపు తిరిగింది. దానికీ అదే కావాలి.

"నాకు తెలీదు నాయనా" అన్నాను. "ఆ రోజు నాకెంత భయమైతే అంతసేపు. అయిపోతది మాత్రం. ఎప్పుడూ అయిపోతది."